సందడి సంఘం పెట్టిన మొదటి విరామం

ఒక పెద్ద అడవిలో రగ్బీ ఆడేవాళ్లు. ఎంత పెద్ద అడవి అని నన్నడక్కండి, కొలవడానికి వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు.

ఒక పక్క అడవిపందులు, ఇంకో పక్క ఎలుగుబంట్లు. మధ్యలో పీచు తియ్యని కొబ్బరికాయ. దాన్ని చంకన పెట్టుకుని అవతలి గీత దాటించి నేలకి ఆనించాలి. తోటివాడికి ఇవ్వాలంటే వెనకున్నవాడికే ఇవ్వాలి, ముందుకి విసరకూడదు. అంతే ఆట. ఇందులో సగంసేపు రెండు జట్లూ తలలు దించి, భుజాలు కలిపి, కాయని కాళ్ల మధ్య పెట్టుకుని ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ ఉంటారు. దాన్ని స్క్రమ్ అంటారు. చూసేవాళ్లకి అందులో కనిపించేది తోకలు మాత్రమే.

ఈ ఆటకి తాతల నాటి ఒడంబడిక ఒకటుంది. ఆట సాగినంతసేపూ ఎవరూ ఎవరినీ తినకూడదు. ఆట ఆగిన మరుక్షణం ఎవరి ఆకలి వాళ్లది.

అందుకే పొద్దున మొదలైన ఆట మధ్యలో ఆగేది కాదు. పొద్దు వాలాక పందుల నాయకుడు వరహాలు, ఎలుగుల నాయకుడు జాంబయ్య చివరి స్క్రమ్‌కి దిగేవాళ్లు. గడ్డి తినే జనం మెల్లిగా లేచి ఇళ్లకి పోయేవాళ్లు. ఆఖరి కుందేలు బొరియలోకి దూరేదాకా ఆ ఇద్దరూ తోసుకుంటూనే ఉండేవాళ్లు. అప్పుడు రిఫరీ కొంగ ఈల ఊదేది. ఇలా చెయ్యమని ఎవరూ ఎక్కడా రాయలేదు, అందరికీ తెలుసు, అంతే.

కుందేలు నాంచారమ్మకి పదకొండు మంది పిల్లలు. నెలంతా ఒక చెవి నిక్కబొడుచుకునే పడుకునేది. రెండు చెవులూ వాల్చి నిద్రపోయేది నెలకి ఒక్క రోజు, మ్యాచ్ రోజు. పిల్లల్ని వరసగా పడుకోబెట్టి, తనూ చిరుతపులి నీలాచలం పక్కనే ఒరిగి గుర్రుపెట్టేది.

"ఎవరు గెలిచారు వదినా?" అని లేడి అడిగితే, "ఎవరో ఒకరు గెలిచే ఉంటార్లే, నాకు మాత్రం ఒళ్లు తేలికపడింది" అనేది.

ఆవిడొక్కతే కాదు. లేళ్లు, దుప్పులు, అడవికోళ్లు, అందరూ అక్కడికి కునుకు తియ్యడానికే వచ్చేవాళ్లు. మైదానం చుట్టూ ఎంత ప్రశాంతంగా ఉండేదంటే చీమ తుమ్మితే వినిపించేది.

అలా ఉండనిస్తే అది రాజ్యం ఎలా అవుతుంది? సింహం ఒకసారి పొరుగు అడవికి చుట్టపుచూపుగా వెళ్లింది. అక్కడి మ్యాచ్‌లో జనం గంతులేస్తున్నారు, అరుస్తున్నారు, తోకలు తిప్పుతున్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, మన రాజుగారికి అది తెగ నచ్చింది. తిరిగొచ్చి మూడు రోజులు అన్నం ముట్టలేదు. అన్నమంటే ఏమిటో మీకు తెలుసు కదా, కాబట్టి ఆ మూడు రోజులు అడవికి మంచే జరిగింది.

నాలుగో రోజు సభ పెట్టింది. "మన మైదానంలో జనం గుర్రుపెడుతున్నారు. వచ్చే మ్యాచ్‌కి పొరుగు రాజుగారిని పిలిచాను. ఆయన ముందు నా పరువు పోవడానికి వీల్లేదు."

అప్పటికప్పుడు సందడి సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ఊసరవెల్లి. పొరుగు అడవిలో ఆరు నెలలుండి వచ్చాడు కాబట్టి అన్నీ తెలిసినవాడే. ఒడంబడిక ఆకులు భద్రం చేసే తాబేలు సోమయాజులు సభ్యుడు. మాంసాహారుల తరఫున నీలాచలం. శాకాహారుల తరఫున ఎవర్నీ వెయ్యలేదు, వాళ్లు నిద్రపోతున్నారని.

ఊసరవెల్లి ముందుగా జనాభిప్రాయం తీసుకున్నాడు. నాంచారమ్మ బొరియ దగ్గరికొచ్చి గడులు గీసిన ఆకు తీశాడు.

"మ్యాచ్‌లో మీకు బాగా నచ్చే ఘట్టం ఏదండీ?"

"స్క్రమ్ నాయనా. ఎంతసేపైనా ఏమీ జరగదు. హాయిగా నిద్ర పడుతుంది."

"అలా కాదు. డప్పులు కావాలా, డాన్సులు కావాలా, వ్యాఖ్యానం కావాలా? ఈ మూడింట్లో చెప్పండి."

"నిద్ర కావాలి."

"నిద్రకి గడి లేదండీ."

"ఒకటి గియ్యి నాయనా, నీ చేతిలోనే ఉంది కదా పుల్ల."

ఊసరవెల్లి కాస్త ఎర్రబడ్డాడు. మళ్లీ పచ్చబడి, 'అభిప్రాయం లేదు' అన్న గడిలో గీత పెట్టుకుని పోయాడు.

సంఘం కూర్చుంది. కోతులతో డప్పులు అన్నారు, సరే. చిలకతో వ్యాఖ్యానం అన్నారు, సరే. స్క్రమ్ విసుగ్గా ఉంటుంది కాబట్టి రద్దు అన్నారు, అదీ సరే. చివర్లో ఊసరవెల్లి గొంతు సవరించుకుని, "ఆట మధ్యలో ఒక విరామం ఇద్దాం. నెమళ్ల డాన్సు పెడదాం" అన్నాడు.

సోమయాజులు చిప్పలోంచి మెడ బయటికి చాచాడు. "ఆట ఆగితే ఒడంబడిక కూడా ఆగుతుందయ్యా."

"విరామం కూడా ఆటలో భాగమే అనుకుందాం తాతా."

"మనం అనుకుంటే సరిపోదు. నీలాచలం అనుకోవాలి."

అందరూ నీలాచలం వైపు చూశారు. అతను ఎంతో వినయంగా మూతి తుడుచుకున్నాడు. "నాదేముంది, పెద్దలు ఏది రాస్తే అది. ఒడంబడికలో అక్షరం మార్చాలంటే అడవి అడవంతా కూర్చోవాలి, అంత టైము లేదు. అయినా విరామం ఒక్కటేనా? మూడు పెట్టండి. జనానికి సరదాగా ఉంటుంది."

ఊసరవెల్లి ఆనందం పట్టలేక ఏడు రంగులూ మారాడు. 'మాంసాహారుల నుంచి అపూర్వ స్పందన' అని రాసుకున్నాడు. ఆ పూట ఒక విరామానికే ఒప్పుకున్నారు. మ్యాచ్‌కి రాని వాళ్ల బొరియలు వేరేవాళ్లకి ఇచ్చేస్తామని కూడా చాటింపు వేశారు, జనం తక్కువైతే రాజుగారి పరువు మాటేమిటి?

పాపం సోమయాజులు, నాంచారమ్మని హెచ్చరిద్దామని సభ నుంచే నేరుగా బయల్దేరాడు. ఆమె బొరియ కూతవేటు దూరం. తాబేలు నడక కదా, ఆయన చేరేసరికి బొరియ ఖాళీ, అటునుంచటే మైదానం దగ్గరికి వచ్చేసరికి పదహారు రోజులైంది, మ్యాచ్ సగం అయిపోయింది.

ఆ మ్యాచ్ గురించి ఏం చెప్పమంటారు. ఒకటే డప్పులు. చిలక వ్యాఖ్యాత గొంతు బొంగురుపోయేలా, "జాంబయ్యగారు తల గోక్కున్నారు, అద్భుతంగా గోక్కున్నారు" అని అరుస్తోంది. జనం వరసగా లేచి కూర్చుంటే అల వచ్చినట్టుంటుందని చెప్పారు. ఆ అల ముళ్లపంది దాకా వచ్చింది. ఆయన లేచి కూర్చున్నాడు. ఇటువాడూ అటువాడూ లేచారు గానీ మళ్లీ కూర్చోలేకపోయారు.

గద్ద పైన తిరుగుతూ ఎవరిద్దరి మీద నీడ వేస్తే వాళ్లు కావలించుకోవాలని ఇంకో వేడుక. నీడ వెళ్లి వెళ్లి నీలాచలం మీద, లేడి మీద పడింది. జనం ఈలలు వేశారు. నీలాచలం లేచి లేడిని కావలించుకున్నాడు. వదలడే! మెడ దగ్గర ముక్కు పెట్టి నిదానంగా వాసన చూశాడు. "ఇప్పుడు కాదులే చెల్లెమ్మా, విరామంలో కలుద్దాం" అన్నాడు.

ఎత్తైన కొండరాతి మీద కూర్చున్న సింహం పొరుగు రాజు వైపు చూసి, "మా వాళ్లు ఎంత కలిసిమెలిసి ఉంటారో చూశారా?" అంది.

అప్పుడొచ్చాడు సోమయాజులు, రొప్పుతూ. నాంచారమ్మ చెవి దగ్గర నోరు పెట్టి విషయం చెప్పాడు. డప్పుల మోతకి ఆవిడ ఎలాగూ మెలకువగానే ఉంది.

"ఎప్పుడు విరామం?"

"సగం ఆట సమయం అయిపోయిందమ్మా. ఇంక కొబ్బరికాయ ఒక్కసారి కింద ఆగితే చాలు, కొంగ ఊదేస్తుంది. అది ఆగనంతసేపూ ఊదకూడదు. రూలు."

నాంచారమ్మ చుట్టూ చూసింది. నీలాచలం కాళ్లు చాచి ఒళ్లు విరుచుకుంటున్నాడు. అతని చుట్టాలు ఆరుగురు అటు దారి దగ్గర, నలుగురు ఇటు దారి దగ్గర నిలబడ్డారు. పిల్లికి చెలగాటం ఎలక్కి ప్రాణసంకటం అంటారే, అక్కడ అక్షరాలా అదే. నాంచారమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. పదకొండు మందినీ లెక్కపెట్టుకుంది. రెండోసారి లెక్కపెడితే తొమ్మిదే వచ్చారు, భయానికి లెక్క తప్పింది.

"తాతా, ఈ ఆట ఎవరాడాలో ఒడంబడికలో రాసుందా?"

సోమయాజులు కళ్లు మూసుకుని ఆకులన్నీ మనసులో తిరగేశాడు. "లేదమ్మా."

అంతే. నాంచారమ్మ కొంగు బిగించి మైదానంలోకి దూకింది. కుందేలుకి కొంగేమిటంటారా? ఆ క్షణంలో మీరు చూసుంటే మీకూ కొంగు కనిపించేది.

వరహాలు చేతిలోంచి కాయ జారుతోంది. నేల తగలబోతుండగా నాంచారమ్మ దాన్ని రెండు చేతులతో వాటేసుకుంది. కాయ ఆవిడకన్నా పెద్దది. చూసేవాళ్లకి కొబ్బరికాయే కాళ్లొచ్చి పరిగెడుతున్నట్టుంది.

"ఒరేయ్ పిల్లలూ, లేవండి. నా వెనకాల రండి. ముందుకి వెయ్యకూడదు, గుర్తుంచుకోండి" అని కేకేసింది.

పదకొండు మందీ వెనకాలే వచ్చారు. కాయ పెద్దదాని నుంచి చిన్నదానికి, చిన్నదాని నుంచి లేడికి, లేడి నుంచి దుప్పికి, దుప్పి నుంచి అడవికోడికి పోయింది. అడవికోడి దాన్ని మోసిందా, అదే అడవికోడిని మోసిందా నాకిప్పటికీ తెలీదు. రెండు నిమిషాల్లో చుట్టూ ఒక్క గడ్డితిండి ప్రాణి కూర్చుని లేదు. మొత్తం జనం మైదానంలోనే ఉన్నారు.

నీలాచలం ఊరుకుంటాడా? తనూ దూకాడు. దూకి లేడిని పట్టుకుని కింద పడేశాడు. నోరు తెరిచాడు. కొంగ వచ్చి ముక్కుతో వీపు మీద పొడిచింది.

"పడెయ్యచ్చు. పట్టుకోవచ్చు. ఆట సాగుతోంది, తినకూడదు."

"ఒక్క కాలు" అన్నాడు నీలాచలం.

"కూడదు."

లేడి లేచి మట్టి దులుపుకుని, "మళ్లీ విరామంలో కలుద్దాం అన్నయ్యా" అని పరిగెత్తింది.

కొండరాతి మీద పొరుగు రాజు లేచి నిలబడ్డాడు. "ఏం జనమండీ, ఏం జనం. మా దగ్గర గంతులే వేస్తారు. మీ దగ్గర ఏకంగా ఆటలోకే దూకారు." సింహం జూలు ఇంతెత్తున లేచింది. ఊసరవెల్లి పక్కనే నిలబడి, "అంతా ప్రణాళిక ప్రకారమే ప్రభూ" అన్నాడు.

కింద మాత్రం నాంచారమ్మకి ఊపిరి అందడంలేదు. కాయ ఆరోసారి తన దగ్గరికే వచ్చింది. అందరికన్నా చిన్నపిల్ల వెనక పడిపోయింది, దాని వెనక నీలాచలం చుట్టాలు ఇద్దరు తాపీగా నడుస్తున్నారు. కాయ ఆగిందంటే ముందు పోయేది ఆ పిల్లే. నాంచారమ్మకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పరిగెత్తింది. పరిగెత్తుతూ వెనకున్న వరహాలు పొట్టకేసి కాయని కొట్టి, "అన్నయ్యా, ఇంక నా వల్ల కాదు" అంది.

వరహాలు జాంబయ్య వైపు చూశాడు. జాంబయ్య తల దించాడు. ఇద్దరూ భుజాలు కలిపారు. వాళ్ల వెనక రెండు జట్లూ వచ్చి కలిశాయి, మొత్తం ముప్ఫై మంది. కాయ కాళ్ల మధ్యకి పోయింది. స్క్రమ్.

"స్క్రమ్ రద్దయింది" అని ఊసరవెల్లి పైనుంచి అరిచాడు. ముప్ఫై మంది మూలుగులో అది ఎవరికీ వినిపించలేదు. కొంగకి వినిపించింది గానీ, ఆకాశం వైపు చూస్తూ నిలబడింది.

తోశారు. పొద్దు వాలేదాకా తోశారు. దారుల్లో నిలబడ్డ చిరుతల మధ్యలోంచే లేళ్లు వెళ్లాయి, దుప్పులు వెళ్లాయి, అడవికోళ్లు వెళ్లాయి. నాంచారమ్మ పదకొండు మందినీ సరిగ్గా లెక్కపెట్టుకుని, చిన్నదాన్ని చంకనేసుకుని, నీలాచలం మూతి పక్కనుంచే నడిచి పోయింది. సోమయాజులు ఇల్లు చేరేదాకా కూడా తోసుంటే ఇప్పటికీ ఆడుతూనే ఉండేవాళ్లు. ఆయన, "నా సంగతి వదిలెయ్యండి, నన్ను తినాలంటే ముందు చిప్ప పగలగొట్టాలి" అన్నాడు. అప్పుడు ఈల మోగింది. విరామానికని పిలిచిన నెమళ్లు డాన్సు చేశాయి, చూడ్డానికి నీలాచలం ఒక్కడే మిగిలాడు.

మర్నాడు ఊసరవెల్లి నివేదిక ఇచ్చాడు: 'ప్రేక్షకుల భాగస్వామ్యం నూటికి నూరు శాతం. ఒక్కరు కూడా నిద్రపోలేదు.' రాజుగారు అతనికి పూలదండ వేసి, వచ్చే మ్యాచ్‌కి విరామాలు ఎనిమిది చెయ్యమని ఉత్తర్వు ఇచ్చారు. ఆ కబురు విన్న పూటే నాంచారమ్మ పిల్లల్ని వరసలో నిలబెట్టి, పరుగు ఆపకుండా సొరకాయని వెనక్కి అందించడం నేర్పడం మొదలుపెట్టింది. లేడి, దుప్పి కూడా వచ్చి వరసలో నిలబడ్డారు.

నీతి: రాజు కూర్చున్న ఎత్తు నుంచి చూస్తే, ప్రాణాలు దక్కించుకోవడానికి పరిగెత్తే జనం కూడా పండగ చేసుకుంటున్నట్టే కనిపిస్తారు.