మొన దాచిన గాలం

అమెరికాలోని అల్ఫారెట్టాలో ఆ శనివారం పొద్దున రఘువీర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మేనేజర్ గ్యారీతో పడవెక్కాలి, నవ్వుతూ కూర్చోవాలి, ఒక్క చేపనూ పట్టకుండా ఇంటికొచ్చేయాలి. అది రెండువేల తొమ్మిది, ఆర్థిక మాంద్యం రోజులు. ఆఫీసులో ఎవరి ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో తెలియదు. ఉద్యోగం ఊడితే వీసా ఊడినట్టే. అలాంటప్పుడు గ్యారీ ఫిషింగ్‌కి రమ్మంటే రానని ఎలా అంటాడు, పాపం!

"కార్తీక మాసంలో చేపలు పట్టడమేంటండీ! గుడ్డు కూడా ముట్టని మనిషి!" అంది భార్య రాగిణి.

"నిజం వానపాము కాదే, ప్లాస్టిక్‌ది."

"వానపాము ప్లాస్టిక్కే. చేప కూడా ప్లాస్టిక్కేనా?"

రఘువీర్ ఏ చేపకీ నొప్పి కలిగించనని మాటిచ్చి బయల్దేరాడు.

చెరువు మధ్యలో గ్యారీ ఒక గాలం, మెత్తటి ప్లాస్టిక్ వానపాము ఇచ్చి, నచ్చినట్టు కట్టుకోమన్నాడు. రఘువీర్ గాలాన్ని వానపాము తలలోంచి దూర్చి, పదునైన మొనను మళ్ళీ దాని పొట్టలోనే దాచేశాడు. ఇక ఏ చేప మూతికీ గుచ్చుకోదని అతని ధీమా.

గ్యారీ తొంగిచూసి కళ్ళు పెద్దవి చేశాడు. "వావ్! నాచుకి తగులుకోకుండా మొన దాచావా? ఇంత ఎక్స్‌పర్ట్‌వని చెప్పలేదేం?"

"అయ్యో, నాకేం రాదు గ్యారీ!"

గ్యారీ దాన్ని వినయం అనుకున్నాడు.

నిజంగానే చేప పడుతుందేమోనని రఘువీర్‌కి భయం పట్టుకుంది. చేపలు రాలేవని నాచు దట్టంగా ఉన్నచోట విసిరాడు. బాస్ అనే జాతి చేపలు దాక్కునేది సరిగ్గా అక్కడే. కదిపితే ఆశపడతాయని కదపకుండా కూర్చున్నాడు. వాటికి కావలసిందీ అదే. దారం జివ్వున లాగింది. "లాగు!" అని గ్యారీ కేకేశాడు. రఘువీర్ ఉలిక్కిపడి లాగేసరికి, మొన మెత్తటి ప్లాస్టిక్‌ని చీల్చుకొచ్చి చేప పెదవిలో దిగింది.

"క్షమించు తల్లీ," అని కళ్ళనీళ్ళతో చేపకి దణ్ణం పెట్టి నీళ్ళలో వదిలాడు. గ్యారీ అది మంత్రమనుకుని తనూ చేతులు జోడించాడు. మధ్యాహ్నానికి గ్యారీ గాలాలన్నీ నాచు పాలయ్యాయి. రఘువీర్ మాత్రం చేప వెంట చేపకి క్షమాపణ చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డ భర్తను చూసి రాగిణికి గుండె జారిపోయింది.

"లేఆఫ్ చేశారా?"

"ఇంకా లేదు. వచ్చే శనివారం వైస్ ప్రెసిడెంట్ వస్తాడట. మా టీమ్‌ని ఉంచాలో తీసేయాలో డిసైడ్ చేసేది ఆయనేనట. ఆయనకి చేపల పిచ్చి. ఈరోజు పట్టినట్టే ఆయన ముందు పట్టాలిట, అప్పుడే అందరి జాబ్‌లూ సేఫట."

రాగిణి సాయంత్రం కార్తీక దీపం వెలిగించి, వచ్చే వారం ఇంకా పెద్ద చేపలు పడాలని శివుడికి మొక్కుకుంది.