అందరూ చూసిన పిట్ట

నగర పక్షివీక్షక సంఘం వారు ఒక వెచ్చని అగ్నిపర్వత ద్వీపానికి జరిపిన విహారయాత్ర అన్ని విధాలా జయప్రదమైందని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. భూమ్మీద ఆ ద్వీపంలో తప్ప మరెక్కడా కానరాని బూడిదమెడ సెగపిట్టను యాత్రకు వెళ్ళిన సభ్యులందరూ కళ్ళారా చూశారు. గుడ్లు పొదిగే శ్రమ తనకెందుకని వాటిని వేడి బూడిదలో పూడ్చి, తన దారిన తాను పోయే ఆ పిట్ట గురించి మీవంటి చదువుకున్న పాఠకులకు కొత్తగా చెప్పాల్సింది లేదు. అంచేత నేరుగా కథలోకి వస్తాను.

సంఘానికి ఒక నియమం ఉంది. దాన్ని సమష్టి దర్శనం అంటారు. ఒక్కరు చూసిన పిట్ట పుకారు, అందరూ చూసిన పిట్ట శాస్త్రం అని నియమావళిలో మొదటి పేజీలోనే అచ్చువేశారు. అక్కడున్న సభ్యుల్లో ఏ ఒక్కరు "నాకు కనబడలేదు" అన్నా ఆ పిట్ట ఎవరి లెక్కలోకీ రాదు. అందరూ వరుసగా కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని "చూశాను" అంటేనే అది చూసినట్టు. ఇంత ప్రజాస్వామికమైన నియమం మరే సంఘానికీ లేదు. దాని పుణ్యమా అని సంఘం పుట్టిన దగ్గర్నుంచి నేటివరకు ఒక్క పిట్ట కూడా సభ్యుల చూపు తప్పించుకుపోలేదు. తొర్రలో ముడుచుకుని పడుకున్న గుడ్లగూబ పొట్ట మీది చారలు కూడా చూశారు. మొదట్లో ఒక లెక్కల మాస్టారు మాత్రం అమాయకంగా "ఏదీ?" అని అడిగాడట. ఆయన ప్రస్తుతం తపాలా బిళ్ళలు సేకరించుకుంటున్నాడు.

అటువంటి సంఘంలో మన కళ్ళజోళ్ళాయనకు మంచి పేరుంది. ఊరంతా ఆయన్ను అలాగే పిలుస్తుంది. షాపు బోర్డు మీద అసలు పేరు ఉంది గానీ, అంత చిన్న అక్షరాలు చదవాలంటే ముందు ఆయన దగ్గర అద్దాలు తీసుకోవాలి. ఇరుకైన పొడుగాటి గది, ఈ చివర కుర్చీ, ఆ చివర అక్షరాల పలక. వచ్చినవాడి ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ, "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని అడగడంలోనే ఆయన వయసంతా గడిచిపోయింది. బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు, ముందువాడు చదువుతుంటే విని పలకంతా బట్టీ పట్టేస్తారు. కళ్ళు ఆనడం లేదని నలుగురిలో ఒప్పుకోవడం మనుషులకు నామోషీ. వాళ్ళ కోసమే ఆయన పలక వెనక వైపు వేరే అక్షరాలు రాయించాడు. అనుమానం వచ్చినప్పుడు చప్పుడు కాకుండా దాన్ని తిప్పేస్తాడు. వాళ్ళు పాత అక్షరాలే దర్జాగా అప్పజెప్పేస్తారు. ఈ ముచ్చట్లన్నీ భోజనాల దగ్గర చెప్పి భార్యను కడుపుబ్బ నవ్వించేవాడు.

అంతటివాడికీ ఒక కోరిక ఉంది. సంఘం అధ్యక్షుడి మెడలో ఒక ఇత్తడి ఈల వేలాడుతూ ఉంటుంది. పిట్టలు బెదిరిపోతాయి కాబట్టి దాన్ని ఊదకూడదు. ఊదకూడని ఈలను మెడలో వేసుకుని తిరిగే అధికారం కోసం కళ్ళజోళ్ళాయన ఏళ్ళ తరబడి కలలు కన్నాడు. ఆయన్ను తప్పుపట్టకండి. పొద్దస్తమానం ఇతరుల కళ్ళలోకి చూసే మనిషిని తిరిగి ఎవరూ చూడరు. కొత్త జోడు పెట్టుకోగానే ఎవరైనా ముందు అద్దంలో తమ మొహమే చూసుకుంటారు. ఒక్కసారైనా నలుగురూ తనవైపు తిరిగి చూడాలని ఆయనకుంది.

యాత్రకు బయల్దేరేముందు అధ్యక్షులవారు, అంటే రిటైరైన బ్యాంకు మేనేజరుగారు, గంభీరోపన్యాసం ఇచ్చారు. "నాకు పదవి మీద మమకారం ఏనాడూ లేదు. సెగపిట్టను మనలో ఎవరు ముందుగా చూస్తారో ఈ ఈల వారిది" అన్నారు. మమకారం లేదన్న మాట ఆయన ప్రతి ఏటా అనేదే. ఈసారి డాక్టర్లు కూడా పదవి వదిలెయ్యమనడం వల్ల సభ్యులు నమ్మారు.

ద్వీపం చాలా బాగుంది. నేల లోపల ఎవరో పొయ్యి ఆర్పడం మరిచిపోయినట్టు అడుగు పెట్టిన చోటల్లా వెచ్చగా ఉంది. నల్లటి ఇసుక, కొండ పగుళ్ళలోంచి ఆవిరి, గాలి నిండా కుళ్ళిన కోడిగుడ్ల వాసన. ఇదే వాసన తమ వీధిలో వస్తే మునిసిపాలిటీకి అర్జీ పెట్టే సభ్యులు, ఇక్కడ గుండెల నిండా పీల్చి, ప్రకృతి అంటే ఇదీ అన్నారు. పిట్టలు పసిగట్టకుండా అందరూ ఆకుల రంగు చొక్కాలు, ఆకుల రంగు టోపీలు వేసుకున్నారు. దానివల్ల మొదటిరోజే సభ్యుల్లో ఒకరైన లెక్చరరమ్మగారు పొదల్లో కలిసిపోయారు. ఆవిడను వెతకడానికి బైనాక్యులర్లు నిజంగానే పనికొచ్చాయి.

కళ్ళజోళ్ళాయన భార్యకు పిట్టల మీద మోజు లేదు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. హోటల్ వెనక రాళ్ళ మధ్య వేడినీళ్ళ గుంట ఉంటే, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. ప్రాణం లేచొచ్చినట్టయి భర్తను కూడా కాసేపు వచ్చి కూర్చోమంది. ఆయన బైనాక్యులర్ తుడుచుకుంటూ, మనం వచ్చింది విహారానికా అని కసురుకున్నాడు. విహారానికే అని కరపత్రంలో రాసి ఉంది.

ఇక ఆ చరిత్రాత్మకమైన ఉదయం. వ్యానులో డ్రైవరు ఏసీ ఎంత పెట్టాడంటే లోపల మాట్లాడితే పళ్ళు టకటకలాడుతున్నాయి. దిగింది ఆవిరి కక్కుతున్న కొండవాలు మీద. చల్లటి అద్దాన్ని వేడి ఆవిరిలోకి తెస్తే ఏమవుతుందో, కళ్ళజోడు పెట్టుకుని టీ తాగే ఎవరినడిగినా చెబుతారు. అందరి బైనాక్యులర్లూ ఒక్కసారిగా పాలు పోసినట్టు తెల్లబడిపోయాయి. వెంట వచ్చిన గైడు, భోజనం వేళ మించిపోతుందన్న ఆత్రంలో ఒక పొదవైపు చెయ్యి విసిరి, అడ్డంగా ఉన్న కొమ్మ మీద చూడమన్నాడు.

కళ్ళజోళ్ళాయన చూశాడు. తెలుపు కనబడింది. అద్దాలతోనే బతికేవాడు గనుక అది ఆవిరని, కాసేపు ఆగి తుడుచుకుంటే పోతుందని ఆయనకు బాగా తెలుసు. ఆగేవాడే. కానీ పక్కనే కార్యదర్శిగారు నోరు తెరుస్తూ కనబడ్డారు. కార్యదర్శిగారు పళ్ళ డాక్టరు. వృత్తిరీత్యా ఎప్పుడూ ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించే మనిషి తనంతట తాను నోరు తెరవడం చూసి కళ్ళజోళ్ళాయన కంగారుపడ్డాడు. మెడ దాకా వచ్చిన ఈల జారిపోతున్నట్టనిపించింది. ఆ నోట్లోంచి మాట బయటపడకముందే "అదిగో!" అని అరిచాడు.

ఒకరు అదిగో అన్న తరవాత అది లేకుండా ఎక్కడికి పోతుంది? కంటి చుట్టూ తెల్లటి గీత ఎంత స్పష్టంగా ఉందోనని అధ్యక్షులవారు ఆశ్చర్యపోయారు. తోక కింది ఎరుపు పుస్తకంలోని బొమ్మ కన్నా ముదురని కార్యదర్శిగారు శాస్త్రీయంగా సవరించారు. లెక్చరరమ్మగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. వరుసగా చేతులు గుండెల మీదికి వెళ్ళాయి. గైడు సభ్యుడు కాకపోయినా, అడక్కుండానే తాను కూడా చూశానన్నాడు. సభ్యురాలు కాకపోయినా ఆ పూట వ్యానులో వెంట వచ్చిన కళ్ళజోళ్ళాయన భార్య మాత్రం తన కళ్ళజోడు తీసి రుమాలుతో తుడుచుకుంటూ, భర్త మొహంవైపు చూస్తూ నిలబడింది.

మర్నాడు ఫలహారాల దగ్గర అందరూ సెగపిట్ట గురించి ముచ్చటించుకుంటుంటే ఆవిడ అధ్యక్షులవారిని ఎంతో వినయంగా ఒక మాట అడిగింది.

"ఇంతకీ ఆ పిట్ట ఎటు తిరిగి కూర్చుందండీ?"

ఎడమకి అని అధ్యక్షులవారు, కుడికి అని కార్యదర్శిగారు ఒకేసారి అన్నారు. సూటిగా తన కళ్ళలోకే చూసిందని లెక్చరరమ్మగారు అన్నారు. అధ్యక్షులవారు ఎన్నో ఆడిట్లు దాటుకొచ్చిన మనిషి కనుక తడుముకోలేదు. మూడూ నిజమేనని, పిట్ట అన్నాక తిరుగుతుందని, తిరగకపోతే అది బొమ్మ అవుతుంది గాని పిట్ట కాదని వివరించారు. అందరూ ఊపిరి పీల్చుకుని కాఫీ తెప్పించుకున్నారు. అప్పుడావిడ భర్తవైపు తిరిగింది.

"మరి మీకు ఎటు కనబడిందండీ?"

"అందరికన్నా ముందు చూసింది నేను కదా. అప్పటికింకా తిరగలేదు" అన్నాడాయన. అనేశాక గాని తను ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. భార్య రొట్టె ముక్క ఆయన పళ్ళెంలోకి జరిపింది. చప్పుడు కాకుండా పలక తిప్పేసిందని ఆయనకు అర్థమైంది.

గదిలోకి వెళ్ళాక, మీ షాపుకి ఇలాంటివాడు వస్తే ఏం చేస్తారని అడిగింది. "ఏం చేస్తాను, నంబరు పెంచి పంపిస్తాను" అన్నాడు. ఇద్దరూ నవ్వారు గాని ఆయన నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఊరికి తిరిగొచ్చాక ఆయన షాపుకి ఒక బస్సు డ్రైవరు లైసెన్సు కోసం కళ్ళ సర్టిఫికెట్టుకి వచ్చాడు. గడగడా చదివాడు. అనుమానం వచ్చి కళ్ళజోళ్ళాయన పలక తిప్పాడు. డ్రైవరు మళ్ళీ అవే అక్షరాలు గడగడా చదివాడు. పట్టుబడ్డాక కూడా సిగ్గుపడలేదు.

"ముందాయనకి కనబడ్డవే నాకూ కనబడ్డాయి సార్. నా ఒక్కడికీ వేరేగా కనబడతాయా ఏంటి?" అన్నాడు.

ఇంకో రోజయితే ఈ మాట భోజనాల దగ్గరికి పనికొచ్చేది. ఆ రోజు ఆయన చెవులు వేడెక్కాయి. ఇది అచ్చంగా తమ నియమావళి మొదటి పేజీ. డ్రైవరుకి సర్టిఫికెట్టు ఇవ్వకుండా అద్దాలు రాసిచ్చి, అవి వచ్చేదాకా బస్సు ఎక్కొద్దని చెప్పి పంపించాడు గాని, తనకేం రాసుకోవాలో తోచలేదు. ఆ బస్సులో రోజూ వెళ్ళేవాళ్ళు గుర్తొచ్చి, తన మెడలో పడబోతున్న ఈల గుర్తొచ్చి, నిజంగా సిగ్గేసింది.

సంఘం సర్వసభ్య సమావేశం టైర్ల షాపు మీది గదిలో జరిగింది. అధ్యక్షులవారు ఈలను మెడలోంచి తీసి, ముద్దుపెట్టుకుని, పళ్ళెంలో పెట్టారు. "తీక్షణమైన చూపు, నిష్కల్మషమైన నోరు, ఈ రెండూ గల వ్యక్తి చేతుల్లో సంఘాన్ని పెడుతున్నాను" అన్నారు. చప్పట్లు మోగాయి. నలుగురూ కళ్ళజోళ్ళాయన వైపు తిరిగి చూశారు. ఇన్నేళ్ళూ ఆయన కోరుకున్న చూపు అదే. ఆయన లేచి నిలబడ్డాడు.

"నేను ఆ పిట్టను చూడలేదండీ. అద్దాలకి ఆవిరి పట్టేసింది. నేను అదిగో అన్నది పిట్టను చూసి కాదు, కార్యదర్శిగారి నోరు చూసి. ఈల మీద ఆశతో అనేశాను. కళ్ళు పరీక్ష చేసేవాణ్ణి, నేనే ఇలా అంటే ఎలాగ? నన్ను క్షమించండి."

నియమం ప్రకారం సెగపిట్ట అందరి లెక్కలోంచీ ఎగిరిపోయినట్టే. కార్యదర్శిగారు అప్పటికే తన క్లినిక్కులో దాని పటం కట్టించారు. లెక్చరరమ్మగారు దాని మీద రేడియోలో మాట్లాడి వచ్చారు. ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు. అధ్యక్షులవారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. కళ్ళు మూసుకున్నప్పుడే ఆయనకు బాగా కనబడుతుంది. తరవాత ఈ కింది తీర్మానం చదివారు.

"మన నియమావళిని అనుసరించి ద్వీపంలో హాజరైన సభ్యులందరూ సెగపిట్టను చూసియున్నారు. ఈయన చూడలేదని స్వయంగా అంగీకరించియున్నారు. కావున ఈయన ద్వీపంలో హాజరు కాలేదని ఈ సభ నిర్ధారించడమైనది. నిజాయితీగా ఒప్పుకున్నందుకు వారిని అభినందించడమైనది."

వ్యానులో మీ పక్కసీట్లోనే కూర్చున్నాను కదా సార్ అని కళ్ళజోళ్ళాయన నెమ్మదిగా గుర్తుచేశాడు. అధ్యక్షులవారు జాలిగా తల పంకించి, కొండ మీద ఆవిరి బాగా ఉండడం వల్ల ఎవరెవరు వచ్చారో తమకు సరిగ్గా కనబడలేదని సెలవిచ్చారు. అంత ఆవిరిలో పిట్ట కంటి చుట్టూ గీత ఎలా కనబడిందని ఎవరూ అడగలేదు. యాత్ర ఫొటోలో భార్యాభర్తలిద్దరూ ఒక అంచున నిలబడి ఉండడం వల్ల కత్తిరింపు సులువుగా జరిగింది. తీర్మానానికి అందరూ చేతులెత్తారు. అలవాటు కొద్దీ కళ్ళజోళ్ళాయన కూడా చెయ్యెత్తాడు. అందువల్ల అది ఏకగ్రీవమైంది. ఈల కార్యదర్శిగారికి దక్కింది.

మెట్లు దిగుతుంటే అధ్యక్షులవారు వెనకనుంచి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నారు.

"షాపు ఎప్పుడు ఖాళీగా ఉంటుంది మీకు? ఈమధ్య దూరపువి కాస్త అలికేసినట్టు కనబడుతున్నాయి. బెంచీ మీద ఎవరూ లేనప్పుడు వస్తాను."

"రండి సార్" అన్నాడాయన. ఆయనకు కోపం రాలేదు. ఇన్నాళ్ళూ ఆవిరి లేని రోజున కూడా ఈ పెద్దమనిషి గుండె మీద చెయ్యి వేసుకుని పడ్డ అవస్థ తలుచుకుంటే జాలేసింది.

ఇంటికి వెళ్ళి, మనం ద్వీపానికి వెళ్ళలేదట అని భార్యకు చెప్పాడు. ఆవిడ కూర తరుగుతూ, వెళ్ళకుండానే నా మోకాళ్ళు తేలికపడ్డాయా అని అడిగి, నవ్వి నవ్వి కత్తి పక్కన పెట్టేసింది. ఈల పోయినందుకు ఆయనకు పెద్ద బాధ కలగలేదు. ఆ వేడినీళ్ళ గుంటలో ఆవిడ పక్కన కాళ్ళు పెట్టుకుని కూర్చోలేదే అని మాత్రం ప్రాణం ఉసూరుమంది. వెళ్ళని ఊరికి మళ్ళీ వెళ్ళి కూర్చుందామంటే ఆవిడ సరేనంది.

అధ్యక్షులవారి తరవాత కార్యదర్శిగారు వచ్చారు, ఆయన తరవాత లెక్చరరమ్మగారు. ఎవరికి వారు షాపు మూసే వేళకి ఒంటరిగా వచ్చారు. కళ్ళజోళ్ళాయన ఎవరినీ ఏమీ అనలేదు, పలక తిప్పి అద్దాలు రాసిచ్చాడు. సంఘం ఇప్పటికీ బ్రహ్మాండంగా నడుస్తోంది. ఒక్క పిట్ట కూడా తప్పించుకుపోవడం లేదు.

అన్నట్టు, బూడిదమెడ సెగపిట్ట గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదని నేను మొదట్లో అన్నప్పుడు మీరు కూడా తలూపి ముందుకు కదిలారు. సంతోషం. ఇంతకీ అది ఎటు తిరిగి ఉందంటారు?