ఎడమ పక్క వెలుగు

ఆ ఆదివారానికి జమాల్ సాబ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా బొమ్మల ట్రేను ఆటోలో పెట్టుకొని గుంతకల్లు రిటైర్డ్ ఉద్యోగుల సంఘం హాలుకు పోవాలి. అక్కడున్న ప్లాట్‌ఫారం నమూనా మీద బొమ్మలను నిలబెట్టాలి. ఇంటికొచ్చి ఉగ్గాని బజ్జీ తిని, ఇస్త్రీ చొక్కా వేసుకొని, పదకొండింటి సభలో చప్పట్లు వినాలి. ముప్పై ఏళ్లు స్టేషన్ బోర్డుల మీద ఊళ్ల పేర్లు రాసిన పెయింటరుకు ఆ మాత్రం చప్పట్లు బాకీ ఉన్నాయని ఆయన గట్టి నమ్మకం.

బొమ్మలు నలభై రెండు. ఒక్కోటి బొటనవేలంత. కూలీలు, టీసీ, మల్లెపూలామె, చాయ్ పోసేవాడు. ఆరు నెలలు పట్టాయి. రంగు పూయడం ఎవరికైనా వస్తుంది, నీడ వేయడమే విద్య అంటాడాయన. "ఎరుపులో నలుపు కలిపితే నీడ గాదు మే, మసి అయితాది. ఇటికరాయి రంగు కలపల్ల. వెలుగుకని తెలుపు కలిపితే కూలీ చొక్కా గులాబీ పువ్వయి కూచుంటాది. చిటికెడు పసుపు సాలు," అని భార్య మెహరున్నీసాకు రోజూ పాఠం చెప్పేవాడు. ముదురు రంగును నీళ్లలా పలచన చేసి చొక్కా మడతల్లోకి పారనిచ్చేవాడు. ఉబ్బిన చోట తుడిచేసేవాడు. ఆరాక, రెండు వెంట్రుకల కుంచెతో భుజం మీదా ముక్కు కొసనా సన్నటి వెలుగు గీత పెట్టేవాడు. ఆ గీత పెట్టేటప్పుడు ఆమె కుక్కర్ విజిల్ కూడా వేయనిచ్చేది కాదు.

గర్వం ఉంది ఆయనకు, దాచుకోలేదు. భయమూ ఉంది. సంఘం కార్యదర్శి కేశవులు శెట్టి బెంగళూరులో కొన్న ప్లాస్టిక్ బొమ్మల పెట్టెను స్టేజీ పక్కనే సిద్ధంగా ఉంచాడు. ముఖ్య అతిథి ఏవి బాగున్నాయంటే అవే అద్దాల బీరువాలోకి ఎక్కుతాయి. కాదంటే ఆరు నెలల కష్టం అటకెక్కుతుంది.

హాల్లో బొమ్మలు నిలబెట్టగానే జమాల్ సాబ్ ముఖం పాలిపోయింది. ఇంట్లో ఆయన పనిచేసే చోట కిటికీ ఎడమ పక్క ఉంటుంది. అందుకని నలభై రెండు బొమ్మలకూ వెలుగు ఎడమ పక్కన, నీడ కుడి పక్కన వేశాడు. హాల్లో నమూనా ఉన్న బల్ల ముందు నిలబడితే కిటికీలన్నీ కుడి పక్క. నీడ వేసిన చోట ఎండ, వెలుగు వేసిన చోట చీకటి పడి, అందరూ కామెర్లొచ్చిన మనుషుల్లా ఉన్నారు.

"బొమ్మల్ని అటు తిప్పి పెడితే పాయె గదా సాబ్," అన్నాడు కేశవులు.

"వచ్చినోళ్లకు వీపులు సూపిచ్చేదా శెట్టీ? బల్లనే ఎదుటి గోడకు జరుపుదాం."

జరిపారు. కిటికీలు ఎడమకు వచ్చాయి గానీ, ఆ గోడకే ఉన్న పెద్ద తలుపు మూసుకుపోయింది. వచ్చేవాళ్లంతా ఎడమ మూలనున్న వంటగది తలుపులోంచి రావాల్సిందే. పైగా బల్ల కిటికీ దగ్గరికి రావడంతో ఎండ తిన్నగా ముఖాల మీద పడి, వేసిన నీడలన్నీ చెరిగిపోయినట్టయ్యాయి. కిటికీలు కప్పేంత గుడ్డ అక్కడ ఒక్కటే ఉంది. గేటు మీద జమాల్ సాబ్ ఫొటోతో కట్టిన స్వాగతం బ్యానరు. దాన్నీ విప్పి తెచ్చారు. కప్పాక హాలు గుహ అయింది. ఎలక్ట్రీషియన్ తిప్పేష్‌ను పిలిచి, ఎడమ పక్క ఒక ఫోకస్ లైటు కట్టమన్నారు. ఉగ్గాని సంగతి అందరూ మరిచారు.

ఆ బ్యానరు విప్పి తెచ్చేటప్పుడే రిటైర్డ్ గార్డు హనుమంతప్ప ఆ దారిన పోతున్నాడు. పెద్ద తలుపు మూసి ఉంది. నిన్నటిదాకా గేటు మీదున్న జమాల్ సాబ్ ఫొటోను ఇద్దరు దించుకొని, మాటా పలుకూ లేకుండా వంటగది తలుపు గుండా మోసుకుపోతున్నారు. ఇంకేముంది, మనిషి పోయాడనుకున్నాడు. అడగడానికి మనసొప్పక, తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి, మల్లెపూల దండ కొనుక్కొచ్చాడు.

లోపలికి వచ్చి చూస్తే జమాల్ సాబ్ కుర్చీ ఎక్కి కిటికీకి మేకు కొడుతున్నాడు.

"ఎవరికప్పా దండ?" అన్నాడు జమాల్ సాబ్.

"నీకే తెచ్చినా," అన్నాడు హనుమంతప్ప, ఉన్న మాటే.

సన్మానం ముందే మొదలైందనుకొని జమాల్ సాబ్ సంతోషంగా మెడ వంచాడు. అరగంటలో వందమంది దిగారు. ఏ సమావేశానికీ రానివాళ్లు, ఎర్రబడిన కళ్లతో వచ్చి ఆయన చేతులు గట్టిగా పట్టుకొని ఊపారు. తన కళకు ఇంతమంది అభిమానులా అని ఆయనకూ కళ్లు చెమర్చాయి.

వందమందికి ఉక్కపోసింది. కేశవులు పన్నెండు ఫ్యాన్లూ వేశాడు. తిప్పేష్ ఫోకస్ లైటు వేశాడు. టప్పుమని ఫ్యూజు పోయి హాలంతా చీకటైంది.

ముఖ్య అతిథి, ఒక రిటైర్డ్ ఇంజినీరు, కాఫీ బాయిలరును తప్పించుకుంటూ వంటగదిలోంచి వచ్చింది ఆ క్షణంలోనే. అంతా అయిపోయిందనుకున్నాడు జమాల్ సాబ్. చీకట్లో ప్లాస్టిక్కయినా ఒకటే, తనవైనా ఒకటే కదా.

అతిథి బల్ల దగ్గర ఆగిపోయాడు. తెరిచిన వంటగది తలుపు నుంచి సన్నటి వెలుతురు ఎడమగా వచ్చి బొమ్మల మీద పడుతోంది. గీత పెట్టిన ప్రతి భుజమూ, ప్రతి ముక్కూ మెరుస్తున్నాయి.

"మనిషికొక లైటు పెట్టినారే," అన్నాడాయన వంగి. "ఈ చాయ్ పోసేటోని గడ్డం కింద పొయ్యి వెలుగు పడతాండాది సూడండి. ఇంత సన్న బల్బు యాడ దొరికె? ఇవే బీరువాలో ఉండల్ల. ఆ ప్లాస్టిక్‌వి ఎనక్కి పంపించేయండి. ఈ లైట్లు కట్టినోడు ఎవరప్పా?"

చీకట్లో ఎవరో తిప్పేష్‌ను ముందుకు తోశారు. అతను నోరు తెరిచేలోపే భుజాల మీద శాలువా పడింది. హాలు చప్పట్లతో మోగింది.

సభకని వచ్చి పక్కన కూర్చున్న మెహరున్నీసా లేవబోయింది. జమాల్ సాబ్ చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"కూసో మే. నేనేసిన రంగును లైటనుకున్న్యాడు. ముప్పై ఏండ్లలో నన్ను ఇంత పొగిడినోడు ల్యాడు."

"శాలువా వానికి పాయె గదా?"

"బొమ్మలు నిలబడె గదా," అన్నాడు జమాల్ సాబ్. హాల్లో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే.

తిప్పేష్ ఆ శాలువా కప్పుకొనే పోయి, సెల్‌ఫోన్ వెలుతురులో ఫ్యూజు తీగ వెతుక్కున్నాడు.