ముగ్గు లేని వాకిలి

ఆ పొద్దు ఏకాంబరం కోడి కూయకముందే లేచాడు. ఆఫీసుకు సెలవు పెట్టాడు. ఇంట్లో చీమ అన్నది లేకుండా చేసి, బంగారుపాళ్యంలో పుట్టింట కూర్చున్న పంకజాక్షిని వెంటబెట్టుకొని రావాలని అతని ఆలోచన. ఆలోచన చిన్నదే. చీమలూ చిన్నవే.

తిరుపతిలో ఆ అద్దెయింట్లో వీళ్లకంటే ముందునుంచే చీమలు కాపురముంటున్నాయి. బెల్లం డబ్బాను నీళ్ల పళ్లెంలో పెడితే ఈదుకుంటూ వచ్చేవి. ఉట్టి మీద పెడితే తాడు పట్టుకొని దిగేవి. ఒకనాడు పంకజాక్షి పొద్దంతా కూర్చొని కజ్జికాయలు చేసింది. తెల్లారి డబ్బా మూత తీస్తే కజ్జికాయలు కనిపించలేదు, చీమలే కనిపించాయి. ఆమె కంట నీళ్లు పెట్టుకుంటూ ఉంటే ఏకాంబరం ఒక కజ్జికాయ తీసి, ఉఫ్‌మని ఊది నోట్లో వేసుకున్నాడు.

"సీమలు తింటే కండ్లు బాగా కనిపిస్తాయంట. నువ్వూ ఒకటి తినుమే!"

నవ్వుతుందనుకున్నాడు. ఆమె పెట్టె సర్దింది.

"అట్లనా! కండ్లు అంత బాగా కనిపిస్తే ఈడనే అరుగు మీద కూసోని నన్ను బంగారుపాళ్యం దాకా సూస్తా ఉండు. ఈ ఇంట్లో సీమలన్నా ఉండాల, నేనన్నా ఉండాల."

అప్పట్నుంచి సాయంత్రాలు ఏకాంబరం అరుగు మీద కూర్చొని చిత్తూరు రోడ్డు దిక్కే చూస్తున్నాడు. కళ్లు అంత బాగా ఏమీ కనిపించలేదు.

దండెం మీద ఆమె మరిచిపోయిన రవికెను తీయడానికి అతనికి చేతులు రాలేదు. చారు పెట్టుకుంటే ఉప్పూ పులుపూ ఉండేవి గానీ చారు ఉండేది కాదు. రోజూ వీధి మేలుకోకముందే వాకిట్లో నీళ్లు చల్లి, ఆమె డబ్బాలో మిగిల్చిపోయిన బియ్యప్పిండితో తనే ముగ్గు వేసేవాడు. పంకజాక్షి వేళ్ల సందున జారే గీత దారప్పోగులాగా వచ్చేది. ఇతని చేతిలో అది మంద తప్పిన మేకలాగా నడిచేది. అయినా వాకిట్లో ముగ్గు ఉన్నంతసేపూ లోపల ఆమె ఉన్నట్టే అనిపించేది. ఎవరో పనిమనిషిని పెట్టుకున్నాడనీ, పాపం ఆమెకు ముగ్గు చేతకాదనీ వీధి అనుకుంది.

ముందురోజు ఆఫీసులో ఈ సంగతంతా చెప్పుకుంటే పక్కసీటు జయరామ్ నుదురు కొట్టుకున్నాడు.

"వాకిట్లో పిండి పోసి ఇంట్లోకి రావద్దంటే సీమలు వింటాయా అప్పా? పెండ్లికి పిలిచి తలుపేసుకున్నట్ల ఉండాది నీ యవ్వారం! ముగ్గు ఆపు. గుమ్మానికి కట్టిన మామిడాకులు పీకేయ్. సామాన్లన్నీ బయటేసి ఇల్లు కడిగి గమాక్సిన్ పొడి సల్లు. కొన్నాళ్లు పొయ్యి గూడా ముట్టించొద్దు. ఆ తర్వాతే ఆమెను పిలుచుకోని రా."

ఏకాంబరం అన్నీ చేశాడు. ముగ్గు ఆపడం ఒక్కటే కష్టమైంది. పిండి డబ్బా మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూసేశాడు. పొడి ఘాటుకు కళ్లు చింతనిప్పులయ్యాయి. ఎందుకైనా మంచిదని మరునాడు తెల్లారేసరికి కాలినడకన కొండెక్కి, "సీమలు పోవాల, పెండ్లాం రావాల" అని మొక్కుకున్నాడు. పని అయ్యాక ఇవ్వాల్సిన తలనీలాలు ముందే ఇచ్చేశాడు. స్వామికి ఇక తప్పించుకునే దారి ఉండకూడదని.

తిరుపతిలో గుండును ఎవరూ తిరిగి చూడరు. కానీ ముగ్గు లేని వాకిలి వెనక గుండు కనిపిస్తే దాని లెక్క వేరు. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు వేయరు. ఎదురింటి చంద్రకాంతమ్మ కిటికీలోంచి చూసింది. ముగ్గు లేదు. తోరణం లేదు. ఇల్లు కడిగినారు. పొయ్యిలో పొగ లేదు. మగడు గుండుతో, ఎర్రటి కళ్లతో అరుగు మీద కూర్చొని రోడ్డు దిక్కు చూస్తున్నాడు. మగడు ఈడ ఉన్నాడు గనుక పుట్టింట్లో పోయింది పంకజాక్షే!

చంద్రకాంతమ్మ అన్నం, చారు పట్టుకొని వచ్చింది.

"పొయ్యి ముట్టించలేదు గదా నాయనా?"

"లేదక్కా. ముట్టించకూడదంట గదా."

"అవును, ముట్టించకూడదు," ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. "ఎంత అల్లాడిపోతివో!"

"అల్లాడినానక్కా. ఆమె లేకుంటే ఇది ఇల్లేనా?" అన్నాడు ఏకాంబరం. ఆ మాట మాత్రం నిజమే.

సాయంత్రానికి వీధి వీధంతా వచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్లు ఏమీ అడగరు. వెళ్లేటప్పుడు 'పోయొస్తా' అనరు. వచ్చి, కాసేపు తల వంచుకొని కూర్చొని, లేచి వెళ్లిపోయారు. చీమ లేని ఇంటిని చూడడానికి వచ్చారనుకున్నాడు ఏకాంబరం. చెప్పకుండా వెళ్తున్నారే, తనైనా మర్యాద తప్పకూడదని వీధి మలుపుదాకా వెంటబడ్డాడు.

"మళ్లా మళ్లా వస్తా ఉండండప్పా!"

దుఃఖానికి మతి చలించిందని వీధి తీర్మానించింది.

చంద్రకాంతమ్మ భర్త చెంగల్రాయుడు మామిడికాయల వ్యాపారి. మరునాడు బంగారుపాళ్యం మండీలో పంకజాక్షి తండ్రి దొరస్వామి కనిపించాడు. బిడ్డను పోగొట్టుకున్న మనిషిని పలకరించకుండా ఎట్లా? పోయి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ధైర్యంగా ఉండు దొరస్వామన్నా. మన చేతుల్లో ఏముండాది?"

"ఏమాయబ్బా?" అన్నాడు దొరస్వామి.

"ఏమని చెప్పేది? మీ అల్లుడి వాకిట్లో ముగ్గు సూసి మూడు దినాలాయ."

అంతకంటే విప్పి చెప్పడం పద్ధతి కాదు. చెంగల్రాయుడు కళ్లు తుడుచుకుంటూ 'పోయొస్తా' అనకుండా వెళ్లిపోయాడు. ఆ పోవడంతో దొరస్వామికి మిగతాది కూడా అర్థమైంది. పోయింది అల్లుడే!

తిరుపతికి తమ తోపు మామిడిపండ్ల గంపలు వేసుకొని బయలుదేరుతున్న లారీని ఆపి, కూతుర్ని ఎక్కించి తనూ ఎక్కాడు. చిత్తూరు దాటింది, పూతలపట్టు దాటింది, పంకజాక్షి ఏడుపు మాత్రం ఆగలేదు.

"సీమ కుట్టిందని మొగుణ్ణి ఇడిసి వస్తి గదా నాయనా! ఏనుగులున్నా కాపురం చేసేదాన్నే!"

లారీ ఇంటిముందు ఆగింది. నిజంగానే ముగ్గు లేదు. పంకజాక్షి దూకి, "అయ్యో దేవుడా!" అని వాకిట్లో కూలబడింది. ఆ కేకకు ఏకాంబరం లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు. చంద్రకాంతమ్మ ఎదురింట్లోంచి పరుగెత్తుకొచ్చి, పంకజాక్షిని చూసి అంతకంటే పెద్ద కేక పెట్టి అరుగు పట్టుకుంది.

వీధి లెక్కలో చచ్చిన భార్యా, పుట్టింటి లెక్కలో చచ్చిన భర్తా ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వు... సచ్చిపోలేదా?" అంది పంకజాక్షి.

"నేనెందుకు సస్తానే?"

"మరి ముగ్గేదయ్యా?"

"బియ్యప్పిండికి సీమలొస్తాయంటే ఆపినాను. అదీ ఈ మూడు దినాలే. అంతకుముందు అన్ని దినాలూ నేనే ఏస్తి."

"ఆ వంకర ముగ్గు నీదా!" అరుగు దగ్గర్నుంచే అరిచింది చంద్రకాంతమ్మ.

పంకజాక్షి నవ్వబోయి ఏడ్చింది. మగడి గుండు మీద చెయ్యి పెట్టి చూసింది, వెచ్చగానే ఉంది. లోపలికి పోయి మూలమూలా వెదికింది. బెల్లం డబ్బా మూత తీసింది. ఒక్క చీమ లేదు. దండెం మీద రవికె మాత్రం అట్లాగే ఉంది. దాన్ని తనే తీసి మడత పెట్టింది.

"అల్లుడు బతికినాడు, అదే పదివేలు!" అని దొరస్వామి ఆనందం పట్టలేక రెండు గంపల పండ్లు దించి నట్టింట్లో పెట్టించాడు. పండ్ల మీది ఆకులు తీస్తూనే వాటి కింది నుంచి మామిడితోపు ఎర్రచీమలు బారులు తీరి, గోడ పట్టుకొని, ఎవర్నీ దారి అడగకుండా బెల్లం డబ్బా దిక్కు నడిచాయి.

పంకజాక్షి ముఖం చిన్నబోయింది. "ఇవి... మా తోపువి."

"పుట్టింటి సుట్టాలే! పొమ్మంటే బాగుంటుందా?" అన్నాడు ఏకాంబరం.

మరునాడు వాకిట్లో ముగ్గు దారప్పోగులాగా సన్నగా, వంకర లేకుండా పడింది. చీమలు పిండి మోసుకొని లోపలికి పోతుంటే ఏకాంబరం కాళ్లు పైకి తీసుకొని వాటికి దారి ఇచ్చాడు. మొక్కిన రెండింట్లో స్వామి ఒకటే తీర్చాడు. రెండోదాని సంగతి ఏకాంబరం గుర్తు చేయలేదు.