గోళ్ళరంగు పూసిన డబ్బు

ఆ సోమవారం పొద్దున్న ఫిదెలీనా అనుకున్నది ఒక్కటే. పుపూసాలన్నీ తొందరగా అమ్మేసి ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకోవాలని. చీజ్, చిక్కుడు ముద్ద కూరి క్యాబేజీ తరుగుతో ఇచ్చే ఆమె మొక్కజొన్న రొట్టెల కోసం ఊరు ఊరంతా ఎగబడుతుంది కనుక అదేమంత కష్టం కాదు. కానీ బల్ల ముందు ఎవరిస్తో మాస్టారు కూర్చున్నారు. పౌరశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయన వాదనలో ఓడడం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

మాస్టారు తిన్నారు, మూతి తుడుచుకున్నారు, ఫోను తీశారు. బిట్‌కాయిన్ అన్నారు. సిగ్నల్ లేదు. ఫోను కొండవైపు ఎత్తారు, బల్లెక్కి ఎత్తారు, అయినా లేదు.

"డాలర్లివ్వండి మాస్టారూ. గాలిలో డబ్బు నాకొద్దు."

"వద్దనడానికి నువ్వెవరు ఫిదెలీనా? దుకాణాలన్నీ బిట్‌కాయిన్ తీసుకోవాలని చట్టం వచ్చింది. ప్రభుత్వం ఆజ్ఞ వేస్తే అదే డబ్బు. కాగితం డాలరుకి మాత్రం ఇంకేముంది, ఆజ్ఞ తప్ప?"

"మా అమ్మమ్మకి కాఫీతోట దొర కూలికి ఇత్తడి బిళ్ళలిచ్చేవాడు. అవి ఆయన కొట్లో తప్ప ఇంకెక్కడా చెల్లేవి కావు. ఆజ్ఞంటే అదేగా?"

"అదే! అక్కడ ప్రభుత్వం ఆయనే!"

"అయితే ఈ పెనం దగ్గర ప్రభుత్వం నేను." సిగ్నల్ రాక మాస్టారు చివరికి ఇచ్చిన అయిదు డాలర్ల నోటు తీసుకుని, ఆమె నారింజ సోడా మూతలకి గుర్తుగా తన గోళ్ళరంగు పూసి చిల్లరగా ఆయన చేతిలో పెట్టింది. "మూతకో పుపూసా. ఇది నా ఆజ్ఞ."

మాస్టారు మూతలు జేబులో వేసుకుని మహా గెలుపుగా వెళ్ళిపోయారు. చిల్లర కోసం రోజూ తల పట్టుకునే ఫిదెలీనాకీ ఈ పద్ధతి నచ్చింది. మర్నాటి నుంచి అందరికీ మూతలే. మంగలి నోయె వాటిని తీసుకుని గడ్డం గీశాడు. బస్సు కండక్టరు టిక్కెట్టు కొట్టాడు. చివరికి చర్చిలో కానుకల పళ్ళెంలోనూ పడ్డాయి. ఫిదెలీనా మురిసిపోయింది. డాలరు మీద ఆమె బొమ్మ లేదు గానీ, ఊళ్ళో ఇప్పుడు ఆమె మాట డాలరంత చెల్లుతోంది.

ఆదివారం సాయంత్రం పూజ ముగిశాక ఊరంతా మూతలు పట్టుకుని పెనం ముందు వాలింది. నోయె టోపీనిండా తెచ్చాడు. ఫాదర్ అనస్తాసియో ఏకంగా సంచీతో వచ్చారు. ఫిదెలీనా పిండి గిన్నెలోకి తొంగి చూసింది. ఇవ్వనంటే మాట పోతుంది, మాట పోయిన చోట రొట్టె ఎవరు తింటారు? ఇస్తే సోమవారానికి కొట్లో గింజ మిగలదు.

ఆమె మూతలు కుప్ప పోసి చూసింది. రంగు అన్నిటికీ ఉంది గానీ, సగానికి పైగా బీరు మూతలు.

"నేను బీరు అమ్మనే! ఇవెక్కడివి?"

"నాకు మాస్టారిచ్చారు," అన్నాడు నోయె.

"పళ్ళెంలో వేసిందీ ఆయనే. దాత అనుకున్నాను," అన్నారు ఫాదర్.

అందరూ మాస్టారి వైపు తిరిగారు. ఆయన తొణకలేదు. "నేను తవ్వాను. బిట్‌కాయిన్‌నీ తవ్వే తీస్తారు. ఎవరు కష్టపడితే వాళ్ళకి పుడుతుంది. నాకు రెండు సీసాల రంగు ఖర్చయింది, తెలుసా?"

ఫిదెలీనాకి పోయిన ప్రాణం లేచి వచ్చింది. గరిటె పక్కన పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది.

"ఎవరు పడితే వాళ్ళు తవ్వుకునేదయితే, అది ఆజ్ఞతో పుట్టిన డబ్బు కాదు. సోమవారం వాదనలో మీరు ఓడిపోయారు. కాదు, ఆజ్ఞతో చెల్లే డబ్బేనంటారా, నా ఆజ్ఞ లేకుండా చేసినవాణ్ణి ఏమంటారో మీ పౌరశాస్త్రంలో ఉండే ఉంటుంది."

"దొంగడబ్బు అచ్చేసేవాడంటారు," అన్నాడు నోయె. అతను మాస్టారి పాత విద్యార్థి.

మాస్టారు చుట్టూ చూశారు. గుంపులో ఎటు చూసినా పాత విద్యార్థులే. మీసం సర్దుకున్నారు, ఛాతీ విరిచారు.

"ఆజ్ఞతో చెల్లే డబ్బే! ముమ్మాటికీ! నేను దొంగడబ్బు అచ్చేశాను!"

ఊరు చప్పట్లు కొట్టింది. ఫిదెలీనా అక్కడికక్కడే తీర్పు చెప్పింది. అన్ని మూతలూ చెల్లుతాయి, మొక్కజొన్నలకీ చీజ్‌కీ అయ్యే డాలర్లు మాస్టారి పింఛనులోంచి వస్తాయి, ఈ పూట పనిమనిషీ ఆయనే. ఆమె మాట నిలబడింది, కొట్టు నిలబడింది. ఆమె ఆనందం పట్టలేక ఫాదర్‌కి ఒక పుపూసా ఊరికే ఇచ్చింది.

వాదనలో గెలిచిన మాస్టారు చీకటి పడేదాకా క్యాబేజీ తరిగారు.