బాణం గీసిన తాబేలు

ఒక పెద్ద అడవిలో రోడ్డు వెడల్పు పనులు మొదలయ్యాయి. కొండ నుంచి ఏటికి ఉన్నది అదొక్కటే దారి. నీళ్లకు పోవాలన్నా అదే, తిరిగి రావాలన్నా అదే.

పని జరిగినన్నాళ్లూ ఎవరు ఎటు నడవాలో తేల్చడానికి సింహం మహారాజు గారు ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షులు గద్ద గారు. ఆయన ఇంజనీరు. సభ్యులు కొంగ, కోతి. ముగ్గురిలో ఒక్కరూ ఆ దారిన నడవరు. అందుకే నిష్పక్షపాతంగా ఉంటారని వేశారు.

గద్ద గారు పైకి ఎగిరి, ఒక చుట్టు తిరిగి, దిగి వచ్చి ప్లాను గీశారు.

"ఎడమ పక్క గొయ్యి తవ్వుతాం. కుడి పక్క తుప్పల్లోంచి తాత్కాలిక దారి. రెండూ చీలేచోట ఒక బాణం గుర్తు. సరిపోతుంది."

సభలో వెనక వరుసలో దుప్పి చెంగమ్మ నిలబడి ఉంది. పొట్ట కింద ఆమె పిల్ల చుక్క.

"గోతికి అడ్డం ఏమన్నా కడతారా అయ్యా?" అని అడిగింది చెంగమ్మ.

"పైనుంచి చూస్తే గొయ్యి బాగానే కనపడుతుందమ్మా."

"మేం కింద నడుస్తామండీ."

కోతి పుస్తకంలో రాసుకుంది: ప్రజాభిప్రాయం సేకరించడమైనది.

పని నక్క కోటిలింగానికి దక్కింది. "చెక్క బోర్డు పాతితే, పని ముందుకు జరిగినప్పుడల్లా పీకి మళ్లీ పాతాలి," అన్నాడు. "కదిలే బోర్డు అయితే ఆ బాధ ఉండదు."

తాబేలు పుల్లయ్యను పిలిపించి, వీపు మీద సున్నంతో బాణం గీయించాడు. బాణం మొన తల వైపుకు వచ్చింది. కమిటీ మెచ్చుకుంది.

మొదటి రోజు పుల్లయ్య కుడి వైపు తిరిగి కూర్చున్నాడు. అందరూ కుడి వైపు వెళ్లారు. గద్ద గారు పైనుంచి చూసి, ప్రయోగం ఫలించిందని రాశారు.

రెండో రోజుకు కుడి పక్క గడ్డి అయిపోయింది. పుల్లయ్య ఎడమకు తిరిగాడు.

చుక్క చెప్పిన మాట వినే పిల్ల. బాణం చూపించిన వైపు వెళ్లింది.

చెంగమ్మ నాలుగడుగులు వెనక ఉంది. నాలుగే.

ఏనుగు వచ్చి తొండంతో పిల్లను గోతిలోంచి పైకి తీసింది. ప్రాణం ఉంది. ముందు కాలు విరిగింది.

చెంగమ్మ తాబేలు దగ్గరికి వెళ్లింది.

"పుల్లయ్యన్నా, నువ్వు తిరిగితే నీ బాణం కూడా తిరుగుతుంది కదా."

"నా వీపు నాకు కనపడదమ్మా."

"గొయ్యుందని ఒక మాట అనొచ్చుగా, పిల్ల వస్తుంటే."

"బోర్డు మాట్లాడకూడదు. చూపించాలి. అలాగని ఆర్డరు."

"మేత మేయొచ్చా?"

"దాని గురించి ఆర్డర్లో లేదు."

అక్కడినుంచి గద్ద గారి దగ్గరికి వెళ్లింది.

"పిల్లలు చూసుకుని నడవాలమ్మా," అన్నారు ఆయన.

"బాణం చూసుకునే నడిచిందండీ."

గద్ద గారు చాలా ఎత్తుకు ఎగిరిపోయారు.

మర్నాడు పొద్దున్నే చెంగమ్మ వెళ్లి గోతి అంచున నిలబడింది. వచ్చినవాళ్లకల్లా ఒకటే మాట: "ఇటు కాదు, అటు."

"చెప్పడానికి నువ్వెవతివి? బాణం ఇటే ఉందిగా," అంది అడవిపంది.

"పిల్లతల్లిని. అటు పో."

పంది గొణుక్కుంటూ అటే పోయింది.

పంతొమ్మిది రోజులు ఎవరూ పడలేదు. చుక్క మూడు కాళ్ల మీద తల్లి పక్కనే నిలబడేది. బాణం చక్కగా పనిచేస్తోందని గద్ద గారు మహారాజుకు నివేదిక పంపారు. స్వయంగా చూద్దామని మహారాజు గారు కబురు చేశారు.

ముందురోజు కోటిలింగం పరుగున వచ్చాడు.

"చెల్లెమ్మా, రేపు మహారాజు గారి తనిఖీ. కుంటి పిల్లతో నువ్విక్కడ నిలబడితే ఏం బావుంటుంది చెప్పు?"

"గొయ్యి పూడ్చు. పోతాను."

"పూడిస్తే పని జరగనట్టు ఉంటుంది."

కోతి నోటీసు తెచ్చింది. అనుమతి లేకుండా రాకపోకలు మళ్లించినందుకు కొండ దిగరాదని అందులో ఉంది. చెంగమ్మ గిట్ట ముద్ర వేసి, పిల్లను తీసుకుని కొండెక్కింది.

మహారాజు గారికి పచ్చదనం ఇష్టం. కోటిలింగం గోతి మీద సన్న పుల్లలు పరిపించి, పైన లేత గడ్డి కప్పించాడు.

పుల్లయ్య లేత గడ్డి వాసన చూసి ఇరవై రోజులైంది. తెల్లారేసరికి మళ్లీ పూర్తిగా ఎడమకు తిరిగి ఉన్నాడు.

మహారాజు గారు వచ్చారు. కోటిలింగం చేతులు కట్టుకుని, ఆయనకు వీపు చూపించకూడదు కాబట్టి వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. మహారాజు గారు బాణం చూశారు. అది చూపించిన వైపు నడిచారు. కోటిలింగం పొగుడుతూ అటే వెనక్కి నడిచాడు.

ముందు అతను పడ్డాడు. మహారాజు గారు అతని మీద పడ్డారు, అందుకని ఆయనకు పెద్దగా దెబ్బలు తగల్లేదు.

ఏనుగు మళ్లీ రావాల్సి వచ్చింది.

విచారణ గద్ద గారికే అప్పగించారు. అనుభవం ఉందని.

"పంతొమ్మిది రోజులు ఏ ప్రమాదమూ లేదు. ఇరవయ్యో రోజు జరిగింది," అన్నారు గద్ద గారు. "తేడా ఒక్కటే. ఆ రోజు చెంగమ్మ గోతి దగ్గర లేదు."

"మీరే కదండీ పొమ్మన్నది," అంది చెంగమ్మ.

"నోటీసు మీద ముద్ర వేశావా?"

"వేశాను."

"అంటే ఆ చోటు నీదని ఒప్పుకున్నట్టే."

రోడ్డు పూర్తయ్యేదాకా చెంగమ్మ గోతి దగ్గర నిలబడాలని శిక్ష పడింది. గొయ్యి సాక్ష్యం కాబట్టి పూడ్చకూడదన్నారు. గొయ్యి పూడితే తప్ప రోడ్డు పూర్తి కాదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

చెంగమ్మ వెళ్లి అంచున నిలబడింది. శిక్ష వేయకపోయినా నిలబడేది.

పొద్దు వాలేవేళ కుందేలు ఒకామె నలుగురు పిల్లలతో నీళ్లకు వచ్చింది. పిల్లలు బాణం వైపు పరుగెత్తారు.

"అటు," అంది చెంగమ్మ.

మూడు కాళ్ల మీద నిలబడి, "అటు," అంది చుక్క.

నీతి: గొయ్యి ఉందని ఎవరికీ చెప్పకండి, దాన్ని చెప్పినవాళ్ల పేరునే రాస్తారు.