ఇరవై ఏడు తాళాలు, ఒక కిటికీ

నీటి సరఫరా కార్యాలయం మూడో అంతస్తులో పనిచేసే పెద్ద గుమాస్తా గారు గత నెల పద్నాలుగో తేదీ మధ్యాహ్నం రెండున్నర గంటలకు ఇంటర్నెట్ నుంచి సంపూర్ణంగా అదృశ్యమయ్యారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆయన కుర్చీలో ఆయన ఉన్నారు. ఫైళ్లు ఎప్పటిలాగే ఆయన బల్ల మీద ఉన్నాయి, వాటిని ఆయన ఎప్పటిలాగే ముట్టుకోవడం లేదు. కానీ ఆయన ఎవరో, ఏ ఊరివారో, ఏం కొనాలనుకుంటున్నారో భూమ్మీద ఏ వెబ్‌సైటుకూ తెలియదు. శాఖ చరిత్రలో ఇంతటి ఘనత మరొకరికి దక్కలేదు.

ఈ మహత్కార్యానికి మూలం ఒక నూనె సీసా. ఒకనాడు ఆయన, తల మీద మిగిలిన వెంట్రుకల క్షేమం కోరి, బట్టతలకు పనిచేసే నూనె ఏదైనా ఉందా అని వెతికారు. ఒక్కసారే వెతికారు. ఆనాటి నుంచి నూనె ఆయన్ని వదల్లేదు. వార్తలు చదువుతుంటే పక్కన నూనె, రైలు టికెట్టు తీస్తుంటే కింద నూనె. చివరికి పెద్ద ఇంజనీరు గారి సమక్షంలో, అధికారులందరూ కొలువుదీరిన సమావేశంలో, పైపుల లీకేజీ గురించి ఆయన తెర మీద చూపిస్తున్న పేజీలో సగభాగం ఆక్రమించి ఒక నున్నటి తల ప్రత్యక్షమైంది. "ఇంకా ఎన్నాళ్లు దాచుకుంటారు?" అని ఆ తల కింద రాసి ఉంది. సభ్యులు లీకేజీని మరిచి గుమాస్తా గారి తల వైపు చూశారు. ఆ రోజు ఆయనకు అన్నం సయించలేదు.

ఆ సాయంత్రమే తన బ్రౌజరుకు మొదటి యాడాన్, అంటే ఒక చిన్న అదనపు పనిముట్టు, తగిలించారు. ప్రకటనలను అడ్డుకోవడం దాని పని. నూనె పోయింది. అంతటి ప్రశాంతత రుచి చూసినవాడు ఒక్కదానితో ఆగుతాడా? రెండోది, తనను ఎవరెవరు వెంటాడుతున్నారో లెక్కపెట్టి చెబుతుంది. వాతావరణం చూసుకునే ఒక్క పేజీలోనే ముప్ఫై నాలుగు కంపెనీలు తొంగి చూస్తున్నాయని అది చెప్పేసరికి ఆయనకు చెమటలు పట్టాయి. వెంటనే మూడోది. ఇది, ఆయన వేరే ఖండంలో ఉన్నట్టు లోకాన్ని నమ్మిస్తుంది. వాతావరణం సైటు కూడా నమ్మింది. మర్నాడు మంచు కురుస్తుందని అది హెచ్చరించగా, ఆయన మండుటెండలో స్వెట్టరు వేసుకుని ఆఫీసుకు వచ్చారు.

నాలుగో యాడాన్ పేజీలన్నిటినీ నల్లగా మార్చి కళ్లకు చలవ చేస్తుంది. నల్ల పేజీ మీద నల్ల అక్షరాలు పడ్డచోట చదివే శ్రమ కూడా తప్పిస్తుంది. అయిదోది, కుకీలకు ఒప్పుకుంటారా అని అడిగే పెట్టెలను కంటికి కనబడనివ్వదు. ఆరోది, కాసేపు ముట్టుకోని పేజీని జోకొట్టి నిద్రపుచ్చుతుంది. ఏడోది ఫారాలను తనంత తానే నింపుతుంది, అన్నీ అబద్ధాలతో. తొమ్మిదోది తెరచాటున కనిపించిన ప్రతి ప్రకటననూ నొక్కి, ఆయన ఇష్టాయిష్టాలు కనిపెట్టాలని చూసేవాళ్ల మతి పోగొడుతుంది. దాని పుణ్యమా అని ఒక ట్రాక్టర్ల కంపెనీ, ఒక ఉయ్యాలల కంపెనీ ఆయన మీద ఇప్పటికీ ఆశలు పెట్టుకుని ఉన్నాయి. పదమూడోది మిగతా పన్నెండింటి మీద నిఘా వేస్తుంది. పద్నాలుగోది పదమూడోదాన్ని నమ్మదు. ఇలా ఇరవై ఏడు చేరాయి.

ప్రతి యాడానూ చేరే ముందు మర్యాదగా ఒక అనుమతి అడిగింది. మీరు చూసే ప్రతి పేజీనీ, రాసే ప్రతి అక్షరాన్నీ మేం చదువుతాం, అవసరమైతే మారుస్తాం, సరేనా అని. తన సంగతులు పరాయివాళ్ల కంట పడకూడదన్న పట్టుదల కొద్దీ ఆయన ఇరవై ఏడుగురు పరాయివాళ్లకు సరేనన్నారు. కంచే చేను మేసిందని మన పెద్దలు వాపోయారు గానీ, పాపం వాళ్ల రోజుల్లో కంచె ఉచితంగా దొరికేది కాదు.

ఆఫీసులో ఆయనకు తాళాలాయన అన్న పేరు స్థిరపడింది. పెద్ద ఇంజనీరు గారు సభ ఏర్పాటు చేసి ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు. "గోప్యత మన శాఖకు ఊపిరి. మన పైపులు భూమిలో ఎక్కడున్నాయో మనకే తెలియకుండా ముప్ఫై ఏళ్లుగా కాపాడుకొస్తున్నాం. ఆ సంప్రదాయాన్ని ఈయన కంప్యూటరు దాకా తీసుకువెళ్లారు. అందరూ ఈయన బాటలో నడవాలని ఆదేశిస్తున్నాను" అని సెలవిచ్చి, ఆ ఆదేశాన్ని మెయిల్ చేయడానికి తన పాస్‌వర్డు ఏమిటని టైపిస్టును అడిగారు. ఆవిడ హాలు ఆ చివర నుంచి చదివి వినిపించింది. సభికులు రెండింటికీ కలిపి చప్పట్లు కొట్టారు.

ఇంత కీర్తి మధ్య తాళాలాయనకు ఒక్కటే దిగులు. ఆయన భార్య స్టాఫ్ నర్సు. ఏడు గంటల బస్సు ప్రయాణం అవతల ఒక ఆసుపత్రిలో ఉద్యోగం. అయిదేళ్లుగా నెలకు రెండు రోజుల కాపురం. వచ్చిన రెండు రోజుల్లో ఒకటి బట్టలుతకడానికీ, ఒకటి తిరుగు ప్రయాణానికీ సరిపోతుంది. దంపతులను ఒక ఊరికి చేర్చే బదిలీలు అయిదేళ్లకోసారి, వారం పాటు మాత్రమే జరుగుతాయి. భార్య దరఖాస్తును భర్తే తన ఉద్యోగి ఖాతా నుంచి పంపాలన్నది నిబంధన. ఎందుకలాగో నిబంధన రాసినవారికీ తెలియదు. ఈసారి గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలు.

"ఏమండీ, ఈసారన్నా పంపుతారా? పోయినసారి ఆఖరి రోజున మీకు జ్వరం" అంది ఆవిడ ఫోనులో.

"ఈసారి మర్చిపోను."

"మర్చిపోతారని కాదు. మీ తాళాలంటేనే నా భయం."

ఆయన సోమవారమే శాఖ సైటులో ఖాతా తెరిచారు. దరఖాస్తు కూడా అప్పుడే పంపి ఉండేవారు. కానీ బాధ్యత తెలిసిన మనిషి కనక, ముందుగా ఆ సైటువారి గోప్యతా విధానం ఎనభై నాలుగు పేజీలూ చదవడం మొదలుపెట్టారు. అది గురువారానికి అయింది.

శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి, ఇంట్లో కిటికీ పక్క బల్ల ముందు రెండింటికి కూర్చున్నారు. సైటు తెరుచుకుంది. "మీ దేశానికి ఈ సేవలు లేవు, మీ దేశపు నీటి సరఫరా శాఖను సంప్రదించండి" అంది. మూడో యాడాన్ తీసేశారు. పేజీ వచ్చి కదలకుండా నిలబడింది. కుకీలకు ఒప్పుకుంటారా అని సైటు అడిగింది, ఆ పెట్టెను అయిదో యాడాన్ దాచేసింది. ఆయన సైటు కోసం, సైటు ఆయన కోసం అరగంట మర్యాదగా ఎదురుచూశారు. ఈలోగా ఆరోది పేజీని నిద్రపుచ్చింది.

అయిదోదాన్ని పీకేసి, పేజీని లేపి మళ్లీ మొదలుపెడితే, మీరు మనిషేనని రుజువు చేసుకోండి, బస్సులున్న బొమ్మలు నొక్కండి అంది. నాలుగో యాడాన్ చలవ వల్ల తొమ్మిది నల్ల గళ్లు కనిపించాయి. దైవం మీద భారం వేసి మూడు గళ్లు నొక్కారు. మీరు యంత్రమని సైటు తేల్చింది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆయన్ని ఎవరూ ఇంతగా పొగడలేదు గానీ, ఆ పూట ఆనందించే ఓపిక లేదు. నాలుగోదీ పోయింది. మనిషి హోదా దక్కింది. అప్పటికి నాలుగు దాటింది.

ఇక పాస్‌వర్డు. అది నలభై అక్షరాలు, ఒక యాడాన్ కడుపులో భద్రంగా ఉంది. ఆ యాడాన్ తెరవడానికి ఇంకో పాస్‌వర్డు. దాన్ని ఎక్కడా రాయకూడదని శాస్త్రం, అందుకని రాయలేదు. మంగళవారం దాకా గుర్తుంది కూడా. మర్చిపోయానని ఒప్పుకుంటే సైటు మూడు ప్రశ్నలు వేసింది. నిజాలు రాస్తే ఎవరైనా ఊహిస్తారని, సోమవారం ఆయన ఒక యాడాన్ అల్లి ఇచ్చిన అబద్ధాలు రాసి ఉన్నారు. ఇప్పుడు అవేమిటో తెలియదు. మూడు అవకాశాలు, తప్పితే నెల రోజులు ఖాతా మూత. మొదటిసారి గుండె దిటవు చేసుకుని నిజమే రాశారు. తాను చదివిన బడి పేరు తప్పని తేలింది. రెండోసారి ఇంకో స్పెల్లింగుతో రాశారు. అదీ తప్పే.

నాలుగూ ఇరవైకి ఫోను మోగింది. "అయిందా?" అంది భార్య.

"అవుతోంది."

"నిజం చెప్పండి."

"నేను నేనేనని నమ్మడం లేదే. ఒక్క అవకాశమే మిగిలింది. ఇంకో అయిదేళ్లు నువ్వక్కడా నేనిక్కడా అంటే నా వల్ల కాదు."

ఆయనకు బస్టాండూ, కిటికీ సీటూ, చెయ్యి ఊపుతూ దూరమయ్యే భార్యా కనిపించారు. మిగిలిన యాడాన్లలో ఒక్కటీ ఆ బొమ్మను అడ్డుకోలేకపోయింది.

"ఊదా ఏనుగు నలభై ఒకటి" అని వినిపించింది.

ఆయన తలెత్తారు. చెయ్యి చాస్తే అందేంత ఇరుకు సందుకు అవతల, తన కిటికీలో కూర్చుని ఎదురింటి పిన్నిగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు.

"మొదటి బడికి నువ్వు రాసింది అదయ్యా. అమ్మ పుట్టింటి పేరుకి తుప్పుగొడుగు, మధ్యలో ఖాళీ లేదు. ఇష్టమైన రంగుకి మంగళవారం" అన్నారావిడ, కాయల మీంచి చూపు తిప్పకుండా.

"పిన్నిగారూ, అవి మీకెలా..."

"రెండేసి సార్లు పైకి చదువుతావు కదా. మొదట్లో ఏవో మంత్రాలనుకున్నా. ఆ పొడుగు పాస్‌వర్డు రెండోసారి చదివినప్పుడు ఒక సున్నా మింగావు. అప్పుడే అనుకున్నా, ఎప్పుడో దెబ్బ తింటావని."

తప్పు ఆయనది కాదు, వృత్తిది. నీటి సరఫరా కార్యాలయంలో ఏ అంకె రాసినా ఒకరు పైకి చదవాలి, ఒకరు రిజిస్టరు చూసి సరే అనాలి. ముప్ఫై ఏళ్లుగా ఆయన ఏది రాసినా గట్టిగా చదువుతూనే రాస్తారు. ఇంట్లో సరే అనేవారు లేరని ఆయన అభిప్రాయం. పిన్నిగారు మాత్రం ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా మనసులో సరే అంటూనే ఉన్నారు.

మూడు జవాబులూ సరిపోయాయి. ఫారం తెరుచుకోవడమే ఆలస్యం, ఏడో యాడాన్ పరుగున వచ్చి నింపేసింది. అలవాటు ప్రకారం ఆయన పైకి చదివారు. పిన్నిగారు అడ్డుపడ్డారు. "మీ ఆవిడ పుట్టింది మార్చిలో. పెళ్లి తేదీ పదకొండు. ఆ రోజు మా కుళాయిలో చుక్క రాలేదు, ఫిర్యాదు ఇద్దామని వస్తే నువ్వు పెళ్లిపీటల మీదున్నావు. ఆ ఫిర్యాదు ఇంకా నీ బల్ల మీదే ఉంది."

నాలుగూ యాభై ఏడుకు దరఖాస్తు అందిందని సైటు చెప్పింది. ఆయన ఫోను చెవికి పెట్టుకున్నారు. భార్య ఇంకా లైన్లోనే ఉంది, అన్నీ వింది, నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియడం లేదు. ఆయనకూ అదే స్థితి.

మూడు వారాల్లో బదిలీ ఉత్తర్వు వచ్చింది. పెద్ద ఇంజనీరు గారు రెండో సభ పెట్టి, యాడాన్ల విజయాన్ని కొనియాడి, ప్రతి ఉద్యోగీ అదనపు భద్రత కోసం ఎదురింట్లో ఒక పిన్నిగారిని సమకూర్చుకోవాలని, ఏర్పాటు పూర్తయినట్టు నెలాఖరులోగా ధ్రువపత్రం సమర్పించాలని సర్క్యులరు జారీ చేశారు. ఇద్దరు ఉద్యోగులు అందుకోసం ఇల్లు మారారు.

భార్య రెండు పెట్టెలతో దిగింది. ఇల్లంతా కలయజూసింది. కంప్యూటరు జోలికి వెళ్లలేదు. వెళ్లినా ఏమీ దొరకదు, ఇరవై ఆరో యాడాన్ రోజూ అన్నీ తుడిచిపెడుతుంది. ఆవిడ కాళ్లు కడుక్కుని, చీర మార్చుకుని, ఒక్క అయిదు నిమిషాల్లో వస్తానని నేరుగా ఎదురింటికి నడిచింది. పిన్నిగారి దగ్గర అయిదేళ్ల చరిత్ర తేదీలవారీగా ఉంది, చెరిపే మీట లేదు. రెండున్నర గంటలు గడిచాయి. తాళాలాయన కిటికీ దగ్గర చెవులు రిక్కించి నిలబడ్డారు. వాళ్లు మాత్రం గుసగుసగా మాట్లాడుకున్నారు.

పిన్నిగారు ఏమేం చెప్పారన్నది ఆ ఇల్లాలి సొంత విషయం, బయటపెట్టడం మర్యాద కాదు. ఇంతసేపు చెప్పి ఇప్పుడు నోరు కట్టుకుంటారేమిటని పాఠకులు విసుక్కుంటున్న సంగతి మాకు తెలుసు. గోప్యత మీద మీకున్న గౌరవమూ తెలుసు. పిన్నిగారి ఇల్లు సందులో ఎడమవైపు మూడోది. వచ్చేవాళ్లు వరుసలో రండి, తొయ్యకండి. మేం పొద్దున్నుంచీ నిలబడి ఉన్నాం.